పొట్టు పరుపు

మా మిల్లు గోడౌన్లో ఎలుక కనబడితే బోను పెడతాం. ఆఫీసు గదిలో కనబడితే పేరు పెట్టి పిలుస్తాం. ఇందులో నవ్వడానికి ఏముందో నాకు అర్థం కాదు గానీ, అనంతపురంలో మా వ్యాపారం చేసేవాళ్లంతా ఏడాదిన్నరగా నవ్వుతూనే ఉన్నారు. నవ్వనీ. నా మిల్లు, నా గది, నా ఎలుక.

నా పేరు కల్పన. బుక్కరాయసముద్రం రోడ్డులో శెనక్కాయలు, అదే వేరుశెనగ, ఒలిచే మిల్లు మాది. మా మామగారు పెట్టారు. ఆయన తర్వాత పదహారేళ్లుగా నేనే నడుపుతున్నాను. మా ఆయన రవికుమార్‌కు పాతూరులో కిరాణా కొట్టుంది. ఆయనకు ఫ్యాను కింద కూర్చొని లవంగాలు తూచడం ఇష్టం, నాకు పదిమంది మీద కేకలేయడం ఇష్టం. అందుకే ఎవరి చోట వాళ్లం సుఖంగా ఉన్నాం.

ఎలుక మా అమ్మాయి రేఖది. బెంగుళూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటూ, షాపులో కొనుక్కొని, గదిలో దాచి పెంచింది. వార్డెన్ పట్టుకుంది. ఒక శనివారం పొద్దున బస్సు దిగి నేరుగా మిల్లుకొచ్చి, చెప్పుల డబ్బా అంత బుట్ట నా చేతిలో పెట్టింది.

"పది దినాలు ఉంచుకోమ్మా. వేరే రూము చూసుకోని తీసకపోతా."

మూత తీసి చూస్తే తెల్లటి ఒళ్లు, గోధుమరంగు తల, నల్ల మిరియాల్లాంటి రెండు కళ్లు. "ఛీ ఛీ, తీసకపోవే దీన్ని!" అని అరిచాను. నా అరుపుకు హమాలీలు భయపడతారు, లారీ డ్రైవర్లు భయపడతారు. ఈ గుప్పెడు ప్రాణం మాత్రం భయపడలేదు. బుట్ట అంచు మీదికెక్కి, నా చూపుడువేలు వాసన చూసి, మెల్లగా నాకింది. అంతే, నా పని అయిపోయింది. పది రోజులు ఏడాదిన్నర అయ్యాయి. రేఖకు రూము దొరికినా ఎలుకను ఇవ్వలేదు. మిరియం అని పేరు పెట్టిందీ నేనే.

నేను ఆఫీసులో కూర్చుంటే అది నా కొంగులో దూరి మెడ మీద పడుకునేది. శెనక్కాయ పప్పు కొనడానికి వచ్చిన ఓబుళేసు అనే వ్యాపారి ఒకసారి చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఏమక్కా, గోడౌన్లోవాటిని చంపుతాండావు, దీన్ని సాకుతాండావు. అన్నీ చుట్టాలే కదా?"

"చుట్టాలందర్నీ నువ్వు ఒకే తీరుగా చూస్తాండావా ఏమప్పా?" అన్నాను. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మిరియం పెట్టెలో పరుపు కూడా నా చేతులతోనే వేసేదాన్ని. షాపుల్లో ఏవేవో పరుపులు అమ్ముతారట, రేఖ చెప్పింది. పొట్టు నేను కొనుక్కోవాలా? నా వెనక షెడ్డు నిండా శెనక్కాయ పొట్టే. కాయల్ని మిషన్లో పోసే ముందు కుప్ప మీద నీళ్లు చల్లి, గోనెపట్టాలు కప్పి నాననిస్తాం. పొడి కాయ పోస్తే పప్పు చెక్కలైపోతుంది, తడి పెట్టిన కాయ నుంచి నిండుగా దిగుతుంది. మామగారి కాలం నుంచి ఇదే పద్ధతి. ఆ తడికి పొట్టు కూడా మెత్తబడుతుంది. వెనక వరసలో నెలల తరబడి ఉన్న సంచుల్లోదైతే చేతికి దూదిలా తగులుతుంది. అందులోంచి తీసి, జల్లెడ పట్టి, నాలుగువేళ్ల మందాన పరిచేదాన్ని. మిరియం అందులో గుంత చేసుకొని, ముక్కు మాత్రం బయట పెట్టి నిద్రపోతే చూసి నా కడుపు నిండేది.

మిషన్ నోట్లో కాయలు పోసేది రామలక్ష్మమ్మ. నేను మిల్లులో కాలు పెట్టేనాటికే ఆరేళ్లుగా అదే చోట నిలబడి ఉంది. సన్నటి మనిషి, గట్టి నోరు. తలకూ మూతికీ తుండుగుడ్డ చుట్టుకుంటే కళ్లు తప్ప ఏమీ కనబడవు. మిషన్ ఆగగానే ఆమె దగ్గు వినబడేది. "ఏమైంది రామలక్ష్మమ్మా, బెల్టు తెగిందా?" అని కూర్చున్నచోటి నుంచే అరిచేదాన్ని. దగ్గు సంగతి అడిగేదాన్ని కాదు. మిల్లన్నాక దుమ్ము, దుమ్మన్నాక దగ్గు అనుకునేదాన్ని. పని దిగేటప్పుడు ఒక్కొక్కరికీ నిమ్మకాయంత బెల్లం ముక్క ఇస్తాం, గొంతులో దుమ్ము దిగిపోతుందని. అదీ మామగారు పెట్టిన ఆచారమే. ఒక్కరోజు కూడా నేను తప్పించలేదు, ఆ మాట గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

పోయిన జనవరిలో మిరియం తుమ్మడం మొదలుపెట్టింది. చలికాలం కదా అనుకున్నాను. ఒక పొద్దున చూస్తే కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రగా ఉంది. రక్తమనుకొని రేఖకు ఫోన్ చేశాను.

"రక్తం కాదమ్మా. ఒంట్లో బాగలేకపోతే ఎలకలకి కన్నీళ్లు అట్ల ఎర్రగా వస్తాయి. దాన్ని ఫోన్ మాదిరి చెవికి పెట్టుకోని విను. ఊపిరి తీసుకుంటాంటే సౌండ్ వస్తాందా?"

మిరియాన్ని రెండు చేతుల్లో పట్టుకొని, దాని వీపు నా చెవికి ఆనించాను. వెచ్చగా ఉంది. గుండె గబగబా కొట్టుకుంటోంది. దాని వెనక ఇంకో చప్పుడు ఉంది. ఎండిన పొట్టు మీద చెప్పులేసుకొని నడిస్తే వస్తుందే కరకరమని, అది. ఊపిరి లోపలికి పోయినప్పుడల్లా కరకర, బయటికి వచ్చినప్పుడల్లా కరకర. నాకు భయమేసింది. దీన్ని పోనివ్వను అని అప్పుడే అనుకున్నాను. నేను అనుకుంటే చేస్తాను, ఆ పేరు నాకుంది.

ఇక సలహాలు. సాయంత్రం మా ఆయన, "ఏమే, బెంగుళూరు నుంచి ఇంగోటి తెప్పించుకుంటే పోలా?" అన్నాడు.

"సరే. ఈసారి మీరు దగ్గితే నేనూ ఇంగొకర్ని తెప్పించుకుంటా."

ఆయన మరుసటి పొద్దున కొట్టులో లవంగాలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "దినమూ తూకం చూడు. తిండి తగ్గితే ముందు దాంట్లోనే తెలుస్తాది" అన్నాడు. మిరియం రెండొందల డెబ్బై గ్రాములు తూగింది.

ఒక మందుల షాపతను గొర్రెలకు వేసే ఇంజెక్షన్ నుంచి ఒక చుక్క వేద్దామన్నాడు.

"చుక్కంటే ఎంతప్పా?"

"అందాజుగా వేస్తామక్కా."

"నా ఎలక అందాజు కాదప్పా. రెండొందల డెబ్బై గ్రాములు. లెక్క చెప్పగలిగితే సిరంజి తీయి, లేకుంటే గమ్మునుండు."

రామలక్ష్మమ్మ అన్నం గిన్నె కడుక్కుంటూ ఆఫీసు గది కిటికీలోంచి తొంగి చూసింది. "వామాకు రసం రెండు సుక్కలు పొయ్యమ్మా. నేనదే తాగుతాండా."

"నీకు తగ్గిందా?"

"యాడ తగ్గె!" అని నవ్వింది. నవ్వు కాస్తా దగ్గయింది. వామాకు రసం వద్దని నేను అక్కడికక్కడే తీర్మానించాను. ఆమె సంగతి మాత్రం నా బుర్రలోకి ఎక్కలేదు.

చివరికి కోర్టు రోడ్డులో డాక్టర్ జోయల్ దొరికాడు. కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే కుర్ర డాక్టరు. వరండాలో గుక్కతిప్పుకోకుండా మొరిగే కుక్కల మధ్య నేను నా బుట్ట గుండెకు హత్తుకొని గంటసేపు కూర్చున్నాను. లోపలికి పోయాక ఆయన మిరియాన్ని చేతిలోకి తీసుకున్న తీరు నాకు నచ్చింది. గట్టిగా పట్టలేదు, భయంగానూ పట్టలేదు.

"ఉన్న మాట చెప్తా మేడం. కుందేళ్ల దాకా చూసినా. ఎలక రావడం ఇదే మొదలు. బెంగుళూరులో నా క్లాస్‌మేట్ ఇట్లాటివే చూస్తాడు. మీ ఎదురుగానే ఫోన్ చేసి, వాణ్ణి అడిగి మందు ఇస్తా. మీకు నమ్మకముంటేనే."

తెలియనిది తెలియదని చెప్పే డాక్టరును నా యాభై ఏళ్లలో చూడటం ఇదే మొదటిసారి. "నమ్మకం సంగతి నాకు వదిలెయ్యి. నువ్వు ఫోన్ చెయ్యి" అన్నాను.

స్పీకర్‌లో పెట్టి ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. తర్వాత జోయల్ నాకు విడమరిచి చెప్పాడు. ఊపిరితిత్తుల్లో జబ్బు చేరింది. ఎక్స్‌రే తీస్తే ఎంత చేరిందో తెలుస్తుంది గానీ, కదలకుండా ఉండాలంటే మత్తివ్వాలి. ఈ ఊపిరితో మత్తు తట్టుకోకపోవచ్చు. ఇంజెక్షన్లు త్వరగా పనిచేస్తాయి గానీ, అంత చిన్న ఒంట్లో రోజూ సూది గుచ్చితే కండ పుండవుతుంది. నోటి మందు నెమ్మదిగా పనిచేస్తుంది. పూటకింతని మూడు వారాలు ఒక్క పూట తప్పకుండా పోయాలి, అది మింగాలి.

"నోటి మందే. మింగించే పూచీ నాది" అన్నాను.

"పాలల్లో కలపొద్దు, రాగి సంకట్లో కలపొద్దు. మందు పట్టదు. అరటిపండులో ఇవ్వండి." రాస్తూ రాస్తూ తలెత్తి అడిగాడు. "పెట్టెలో కింద ఏం పరుస్తాండారు మేడం?"

నాకు చుర్రుమంది. నా శుభ్రాన్ని శంకించే మనిషి ఇంకా పుట్టలేదు. "శుభ్రమైందే పరుస్తాండాం. మా ఇల్లు నీకు తెలీదులేప్పా. నువ్వు మందు సంగతి చూడు."

ఆయన ఇంకేమీ అడగలేదు. అడగనివ్వలేదు నేను.

మూడు వారాలు మందు పోశాను. మొదటి రోజు ఊసేసింది, రెండో రోజు నా చీర మీద ఊసేసింది, మూడో రోజు నుంచి అరటిపండు నలిపి పెడితే నాకేసింది. పొద్దున తూకం, చెవికి పెట్టుకొని వినడం, మందు, తర్వాతే మిల్లు గేటు తెరవడం. కరకర తగ్గుతూ వచ్చింది. ఇరవై రెండో రోజుకు అసలు వినబడలేదు. తుండుగుడ్డ విప్పుకుంటున్న రామలక్ష్మమ్మను గదిలోకి పిలిచి, "చూడు, ఎట్లుండాదో! నేను పట్టుకుంటే రోగం నిలుస్తాదా?" అని చాటుకున్నాను. ఆ సంతోషంలో వెనక వరస నుంచి కొత్తగా ఒక సంచి విప్పించి, మిరియానికి ఐదువేళ్ల మందాన పరుపు వేశాను.

పది రోజులు తిరక్కుండానే జబ్బు తిరగబెట్టింది. ఈసారి తుమ్ములు కాదు. వెంట్రుకలు నిక్కబొడుచుకొని, వీపు గూనిలా వంచి, డొక్కలు ఎగరేస్తూ కూర్చుంది. కొంగు చాపినా రాలేదు. పప్పు గింజ మూతి దగ్గర పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. తూకం రెండొందల ఇరవై ఎనిమిదికి పడిపోయింది. తక్కెడ మీద అంకె చూస్తూ నేను ఏడ్చాను, దాచడమెందుకు. హమాలీల ముందే ఏడ్చాను.

రేఖ ఫోన్లో ఏడుస్తూనే చెప్పింది. "అమ్మా, అది మరీ బాధపడ్తాంటే డాక్టరుకు చెప్పి సూదేయించి పంపించెయ్. మన కోసరం దాన్ని పెట్టుకోవద్దు."

"చూడు రేఖా, అది తిండి మానేసి ఒక దినం కాలేదు. రేపటికీ ముట్టకుంటే అప్పుడు నువ్వు చెప్పినట్లే చేస్తా. పంతానికి పోయి దాన్ని హింస పెట్టను. కానీ ఒక్క దారి మిగిలినా విడిచేది లేదు."

బుట్టలోకి మార్చడానికి ఎత్తబోతే నోరు తెరిచి, ఊపిరందక ఎగపోసింది. అందుకని కదిలించలేదు. పెట్టెను పెట్టెగానే కారు ముందు సీట్లో పెట్టుకొని కోర్టు రోడ్డుకు పోయాను. మా ఇద్దరినీ కాపాడింది ఆ ఒక్క పనే.

జోయల్ ఈసారి నన్ను వరండాలో కూర్చోనివ్వలేదు. పెట్టె బల్ల మీద పెట్టించి మూత తీశాడు. మిరియాన్ని ముట్టుకోలేదు. పొట్టులో చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు. వాసన చూశాడు. ముక్కు చిట్లించాడు.

"ఇదేంది మేడం?"

"పొట్టు. మా మిల్లుదే. జల్లెడ పట్టి వేస్తాండా."

"తడిసిందా ఎప్పుడైనా?"

"తడి పెట్టకుండా ఎవరైనా ఒలుస్తారేమప్పా? పప్పు చెక్కలైపోదా?" అన్నాను. ఆయనకు మా పని తెలియదని జాలి కూడా పడ్డాను.

ఆయన కిటికీ మూసి, లైటు ఆర్పి, ఫోన్లో టార్చి వేశాడు. ఆ వెలుతురులో గుప్పెడు పొట్టును మెల్లగా బల్ల మీదికి వదిలాడు. పొట్టు కింద పడింది. దాని నుంచి బూడిదరంగు పొగ పైకి లేచింది. పొగ కాదు, దుమ్ము. టార్చి వెలుతురు నిండా మెల్లగా తిరుగుతోంది, ఎంతసేపు చూసినా కిందికి దిగలేదు. ఒక పొట్టు ముక్క తిప్పి చూపించాడు. లోపలివైపు సన్నటి ఆకుపచ్చ బూజు.

"తడిపొట్టును సంచిలో కుక్కితే లోపల బూజు పడ్తాది. ఆరినాక అది కూడా దుమ్మయిపోతాది. దినమంతా ముక్కు దీంట్లోనే పెట్టుకోని పడుకుంటాందా ఇది?"

"నా పొట్టునే అంటాండావా నువ్వు?" అని గట్టిగానే అరిచాను. బయట కుక్కలు మొరగడం ఆపాయి. టార్చి వెలుతురులో దుమ్ము ఇంకా తిరుగుతూనే ఉంది. వెనక వరసలో మెత్తటి సంచి కోసం వెతికి వెతికి తెచ్చింది నేనే. మందు ఒక చేత్తో పోసి, రోగం ఇంకో చేత్తో పరిచాను. మొదటిరోజే ఆయన అడిగాడు, నోరు మూయించాను. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నేనే చంపినానా డాక్టర్ దీన్ని?"

"ఇంగా చావలేదు కదా మేడం. చెప్పేది వినండి" అన్నాడు. ఆయన గొంతులో జాలి లేదు, పని ఉంది. నాకు అదే కావలసింది.

దారులు మళ్లీ విడమరిచాడు. బాధ లేకుండా పంపించేయడం ఒకటి, అది తప్పు కాదన్నాడు. లేదా రెండు మందులు కలిపి నోటికి, దాంతోపాటు మిషన్‌తో ఆవిరిలా పీల్పించే పొగమందు పట్టించడం. పొగమందు ఊపిరితిత్తుల్లోకి నేరుగా పోతుంది. అయితే ఏది చేసినా ముందు ఈ పొట్టు పోవాలి, మిల్లు గాలి కూడా దానికి తగలకూడదు.

"ఊపిరితిత్తులు పాడైన కాడికి మళ్లా కొత్తవి కావు మేడం. ఉన్నన్ని దినాలు బాగుండేటట్లు చూడొచ్చు. నేను గ్యారంటీ ఇయ్యలేను."

"గ్యారంటీ నేనిస్తాలే. నువ్వు మందు రాయి" అన్నాను. కళ్లు తుడుచుకొని లేచాను.

మిరియం ఇక మిల్లుకు రాలేదు. మిల్లు ముందరి మేడ మీద మా ఇంట్లో, రోడ్డువైపు కిటికీ పక్కన, కొత్త ప్లాస్టిక్ టబ్బులోకి కాపురం మార్చాను. మామగారి పాత పంచెలు నాలుగు ఉతికి, ఎండలో ఆరేసి, చింపి పరిచాను. ఆస్తమా ఉన్న పిల్లలకు పెట్టే పొగమందు మిషన్ తెచ్చి, దాని గొట్టం టబ్బులోకి పెట్టి, మూతగా తడిగుడ్డ కప్పేదాన్ని. మిల్లు నుంచి పైకి వచ్చినప్పుడు స్నానం చేసి, చీర మార్చుకొని గానీ దగ్గరికి పోయేదాన్ని కాదు. మా ఆయన చూసి, "మా అమ్మ మడి కూడా ఇంత లేదే" అన్నాడు. అంటూనే అరటిపండు నలుపుతున్నాడు.

మొదటిరోజు ఏమీ తినలేదు, సిరంజితో పోసిన నీళ్లు మాత్రం మింగింది. రెండోరోజు పొద్దున ఇక డాక్టరుకు ఫోన్ చేద్దామని కూర్చున్నాను. రేఖకు ఇచ్చిన మాట ఉంది కదా. చివరిసారని వేలి మీద కొంచెం అరటిపండు పెట్టి మూతి దగ్గర ఉంచాను. చాలాసేపు చూసింది. తర్వాత నా వేలు నాకింది. నాకు తెలియకుండానే "తినిందీ!" అని కేక పెట్టాను. కింద మిల్లులో ఏం ప్రమాదం జరిగిందోనని నలుగురు పైకి పరిగెత్తుకొచ్చారు.

తూకం గ్రాము గ్రాముగా ఎక్కింది. రెండొందల ముప్పై, ముప్పై నాలుగు, నలభై. పొద్దున్నే చెవికి పెట్టుకొని వింటే కరకర పూర్తిగా పోలేదు, అడుగున కొంచెం ఉండిపోయింది. కానీ డొక్కలు ఎగరేయడం మానింది. నెల తిరిగేసరికి కిటికీ కడ్డీ ఎక్కి కింద రోడ్డు మీద ట్రాక్టర్లను చూడటం మొదలుపెట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాలవేళ రామలక్ష్మమ్మ పైకి వచ్చింది. గడప బయటే నిలబడింది. పదహారేళ్లుగా అక్కడే నిలబడుతుంది, లోపలికి రమ్మని నేనూ ఎప్పుడూ అనలేదు.

"బాగైపోయిందంటనే మీ మిరియమ్మ. సూసిపోదామని వస్తి."

"రా, చూడు" అని టబ్బు గడప దగ్గరికి తెచ్చాను. మిరియం పంచె ముక్కల్లోంచి తల బయటపెట్టి మూతి కడుక్కుంటోంది. రామలక్ష్మమ్మ గడప అవతలే కూర్చొని నవ్వుతూ చూసింది.

"ఏం మందు పోస్తివమ్మా?"

"మందు కంటే ముందు పొట్టు తీసేసినా. పొట్టు దుమ్మే దాని రొమ్ములో పట్టిందంట. మిల్లు గాలి తగలకుండా పైన పెట్టినా, తగ్గింది."

రామలక్ష్మమ్మ తల ఊపింది. మిరియాన్నే చూస్తూ, మామూలుగా, కూర ఎట్లా చేశావని అడిగినట్లు అడిగింది.

"నాకు ఇరవై రెండేండ్లాయె కదమ్మా ఆ పొట్టులో. మరి నేనేం సేయల్ల?"

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. నిజంగానే అడిగింది. నాకు తెలుస్తుందని అడిగింది. దినమూ బెల్లం ఇస్తాండాం కదా అనే మాట నా నోటిదాకా వచ్చింది. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. గొంతులో దుమ్ము పోతోందని తెలియకపోతే ఇన్నేళ్లూ ఆ బెల్లం ఎందుకిచ్చినట్లు? నాకు తెలుసు. మామగారికీ తెలుసు. తెలిసే, నిమ్మకాయంత ముక్క చేతిలో పెట్టి ఇంటికి పంపాం.

"లోపలికి రా" అన్నాను.

"వద్దులేమ్మా, కాళ్లకు దుమ్ముండాది."

"రమ్మంటాండా కదా! ఆ కుర్చీలో కూర్చో. అట్ల తిరుగు, వీపు ఇటు పెట్టు."

ఏం జరుగుతుందో అర్థంకాక ఆమె అట్లాగే తిరిగి కూర్చుంది. నేను వెనక మోకాళ్ల మీద కూర్చొని, ఆమె రవిక మీద, రెండు రెక్కల ఎముకల నడుమ చెవి ఆనించాను. ఎలుకను మెడ మీద పడుకోబెట్టుకున్నదాన్ని, ఈ మనిషిని పదహారేళ్లలో తాకడం అదే మొదటిసారి.

"ఊపిరి తీసుకో."

తీసుకుంది. కరకర. నాకు బాగా తెలిసిన చప్పుడే, చిన్న ఒంట్లో విన్నదే, పెద్ద ఒంట్లో ఇంకా గట్టిగా. అడుగు నుంచి పైదాకా ఉంది. ఇంకోసారి తీసుకోమన్నాను. అదే. నా కళ్లనీళ్లు ఆమె రవిక మీద పడ్డాయి.

"ఏమైందమ్మా? ఏమన్నా ఇనబడ్తాందా?" అని ఆమె భయంగా వెనక్కి తిరిగింది.

"వినబడ్తాంది. లెయ్, పోదాం పా."

"యాడికి? రొండు గంటలకు మిషన్ ఏయల్ల కదా."

"మిషన్ వేసేది నేను, ఆపేది నేను. లెయ్."

కిందికి దిగి మెయిన్ స్విచ్ దించాను. మిషన్ దగ్గర నిలబడ్డ వాళ్లందరినీ ఇళ్లకు పొమ్మన్నాను. దుమ్ము బయటికి లాగే ఏర్పాటు చేసేదాకా మిల్లు తిరగదని చెప్పాను. నిన్నటిదాకా ఒక్క గంట మిషన్ ఆగితే ఊరు లేచేటట్టు అరిచినదాన్ని కాబట్టి, వాళ్లు నా మొహం చూస్తూ కదలకుండా నిలబడ్డారు. వెనక షెడ్డుకు పోయి, మెత్తటి సంచి మూతి విప్పి, ప్లాస్టిక్ కవర్లో గుప్పెడు పొట్టు వేసి ముడేశాను. రామలక్ష్మమ్మను కారు ముందు సీట్లో, మిరియం పెట్టె పెట్టిన చోటే, కూర్చోబెట్టాను. దారి పొడుగునా ఆమె, "ఏం కాదులేమ్మా, ముసలి దగ్గు" అంటూ నన్నే ఊరడిస్తూ వచ్చింది.

ఛాతీ డాక్టరు పెద్దాయన. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత తలెత్తి, "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాడు.

రామలక్ష్మమ్మ నా మొహం చూసింది. నేను ఏం చెప్పమంటే అది చెప్పేటట్టు చూసింది.

"నా మిల్లులో చేస్తాది" అన్నాను. "తడి పెట్టిన శెనక్కాయ పొట్టులో, ఇరవై రెండేండ్లు." కవరు ముడి విప్పి ఆయన బల్ల మీద పెట్టాను. "ముందు ఇది చూడండి డాక్టర్. ఆమెను తర్వాత చూద్దురు."